పొడి డబ్బాలో పెన్‌డ్రైవ్

మల్లీశ్వరి కూతురు అడుగులు వేసే ఈడుకు వచ్చినా, తండ్రి ఆ పిల్లను ఫోటోలో తప్ప చూడలేదు. తండ్రి ఆంజనేయులు సైన్యంలో నాయక్. పంజాబు వైపు ఒక కంటోన్మెంటులో ఆఫీసు గుమాస్తా పని. కాన్పు సమయానికి సెలవు మంజూరైంది, రైలు టికెట్టు కూడా తీసుకున్నాడు. అంతలో పైనుంచి ఆర్డరు వచ్చి అందరి సెలవులూ రద్దయ్యాయి. తర్వాత ఇంకోసారి బయలుదేరబోతే, పెద్ద ఆఫీసర్లు తనిఖీకి వస్తున్నారని ఆపేశారు. ఆదివారం వచ్చిందంటే ఫోన్ చేసేవాడు. పిల్ల మాట వినిపించమని బతిమాలేవాడు. అంతసేపూ ఇల్లెగిరిపోయేలా అరిచే పిల్ల, ఫోను చెవి దగ్గర పెట్టగానే గమ్మున అయిపోయేది.

“దాని నడక సూడాల మల్లీ. ఫోటోలో ఏముంటాది, బొమ్మ మాదిరి కూచ్చోని ఉండాది” అన్నాడు ఒక ఆదివారం.

ఆ మాట మల్లీశ్వరి మనసులో ముల్లులా దిగింది.

ఆమె రాయదుర్గంలో జీన్సు ప్యాంట్లు కుట్టే యూనిట్‌లో మిషన్ మీద పని చేసేది. ఊరు గుమ్మఘట్ట దారిలో ఉన్న చిన్న పల్లె. పొద్దున బస్సెక్కి వెళ్లి, పొద్దుగూకే వేళకు తిరిగి వచ్చేది. పిల్లను అత్త తిమ్మక్క చూసుకునేది. మామ కాలం చేసి చాన్నాళ్లయింది. ఉన్న చేనులో వాన పడితే శెనక్కాయ, పడకపోతే గొర్రెలకు కూడా చాలని గడ్డి. ఆంజనేయులు పటాలంలో చేరిందీ, మల్లీశ్వరి మిషన్ ముందు కూర్చుందీ అందుకే.

రెండువేల ఏడు వేసవిలో వాళ్ల పల్లెలో ఒక పెళ్లి జరిగింది. వీడియో తీయడానికి రాయదుర్గం నుంచి గోవిందప్ప వచ్చాడు. బస్టాండు వెనక ఫోటో స్టూడియో ఆయనది. ఫోటోలు తీయడం, శుభలేఖలు అచ్చు వేయడం, కంప్యూటర్లో పాటలు ఎక్కించి ఇవ్వడం, అన్నీ ఒక్క గదిలోనే చేసేవాడు. పెళ్లి భోజనాలయ్యాక మల్లీశ్వరి ఆయన దగ్గరికి వెళ్లి, మా పాపను కూడా కాసేపు తీయన్నా, దాని నాయనకు పంపించాల అని అడిగింది. గోవిందప్ప మంచి మనిషి. సరేనని ఇంటికి వచ్చాడు. పిల్ల మేకపిల్ల చెవి పట్టుకుని లేచి నిలబడి, అది కదిలితే తానూ కదిలి, వాకిట్లో ఈ చివర నుంచి ఆ చివరకు నడిచింది. తిమ్మక్క కెమెరా ముందు కొంగు సర్దుకుని నిలబడి, ఒరే ఆంజనేయా, నీ బిడ్డ అచ్చం మీ నాయన మాదిరే నడుస్తాందిరా అని చెప్పి, చెబుతూ చెబుతూనే ఏడ్చేసింది. అదంతా గోవిందప్ప తన కంప్యూటర్లోకి ఎక్కించి, అక్కడి నుంచి బొటనవేలంత పెన్‌డ్రైవులోకి మార్చి మల్లీశ్వరి చేతిలో పెట్టాడు. సీడీ అయితే ప్రయాణంలో విరిగిపోతుందమ్మా, మీ ఆయన చేసేది కంప్యూటరు పనే కదా, ఇది పెట్టుకుని చూసుకుంటాడులే అన్నాడు.

ఆఫీసు కంప్యూటర్లో ఇలాంటివి పెట్టకూడదని ఆమెకు తెలియక కాదు. కిందటిసారి సెలవుకు వచ్చినప్పుడు, కడుపుతో ఉన్న ఆమె రొట్టె కాలుస్తుంటే, పక్కన కూర్చుని తింటూ ఆంజనేయులు తన ఆఫీసు సంగతులు చెప్పాడు. ఇంకో యూనిట్‌లో ఎవడో బజారు నుంచి పాటల పెన్‌డ్రైవు తెచ్చి ఆఫీసు కంప్యూటర్లో పెట్టాడట. దానితో పాటు ఏదో వైరస్ దూరి, లోపలి కాగితాలను బయటికి మోసుకుపోయే పని మొదలుపెట్టిందట. పెట్టినవాడికీ ఇచ్చినవాడికీ ఇద్దరికీ భుజం మీది పట్టీలు ఊడాయట. అప్పటి నుంచి తమ ఆఫీసులో కంప్యూటర్ల వెనక తూట్లన్నీ లక్క పోసి మూసేశారనీ, సీడీలు పెట్టే అరలు పీకేశారనీ, మరీ తప్పనిసరి పనికి ఒక్క పెన్‌డ్రైవు ఆఫీసరు బీరువాలో తాళం కింద ఉంటుందనీ చెప్పాడు. బయటి పెన్‌డ్రైవు గేటు దాటి లోపలికి రావడమే నేరమన్నాడు.

మల్లీశ్వరి అదంతా విన్నది. కానీ ఆ నియమం పాటలు తెచ్చేవాళ్ల కోసం, గూఢచారుల కోసం అనుకుంది. కన్నబిడ్డ నడక చూసుకోవడానికి అడ్డమేముంటుంది? చూసుకుంటాడు, తీసేస్తాడు, ఎవరికి తెలుస్తుంది?

విడపనకల్లుకు చెందిన రామదాసు ఆంజనేయులు యూనిట్‌లోనే డ్రైవరు. సెలవు ముగించుకుని తిరిగి వెళ్తూ, ఏమైనా ఇస్తే తీసుకుపోతానని పల్లెకు వచ్చాడు. మల్లీశ్వరి ఎండు రొట్టెలు మూట కట్టింది. డబ్బా నిండా శెనగవిత్తనాల పొడి కొట్టింది. పెన్‌డ్రైవును కడిగిన పాల ప్యాకెట్ ముక్కలో చుట్టి, పనిలోంచి తెచ్చుకున్న నీలం దారంతో గట్టిగా కట్టి, పొడిలో అడుగుకు దిగేసింది. ఆ సంగతి రామదాసుకు చెప్పలేదు. చెబితే ఆయన తీసుకుపోడని ఆమెకు తెలుసు. ఆయన పిల్ల బుగ్గ గిల్లి, వదినా, అన్నకు మీ చేతి పొడి అంటే ప్రాణం అంటూ డబ్బాను ట్రంకు పెట్టెలో భద్రంగా పెట్టుకుని వెళ్లాడు.

రామదాసు రైలెక్కిన మర్నాడు, యూనిట్‌లో కుట్టు మిషన్లు మంచి ఊపు మీద ఉండగా, ఓనరు రాఘవేంద్ర గదిలోంచి పెద్ద కేక వినిపించింది. ఆయన కంప్యూటరు తెరుచుకోవడం లేదు. ప్యాంట్ల కొలతలు, పార్టీల ఆర్డర్లు, లేబుళ్ల డిజైన్లు అన్నీ అందులోనే ఉన్నాయి. బళ్లారి నుంచి మెకానిక్‌ను పిలిపించారు. ఆయన వచ్చి మధ్యాహ్నం దాకా దాంతో కుస్తీ పట్టి, ఈ మధ్య ఏం పెట్టారు దీంట్లో అని అడిగాడు. లేబుల్ డిజైను పెన్‌డ్రైవులో తెచ్చి పెట్టినామని రాఘవేంద్ర చెప్పాడు. ఎక్కడి నుంచి తెచ్చారంటే, గోవిందప్ప స్టూడియో నుంచి.

మల్లీశ్వరి మిషన్ ఓనరు గది తలుపు పక్కనే. ఆ పేరు వినగానే ఆమె పెడలు మీద కాలు ఆగిపోయింది.

“అదే అన్నా. ఆ స్టూడియో కంప్యూటరు నిండా పురుగు పట్టుండాది” అన్నాడు మెకానిక్. “ఆడ ఏ పెన్‌డ్రైవు పెట్టినా దాంట్లోకి ఎక్కి కూచ్చుంటాది. దాన్ని తెచ్చి యాడ పెడితే ఆడ దూకుతాది. లోపల ఏముండాదో తినేస్తాది, లేదంటే ఎవునికో పంపిస్తాది. గోవిందప్పకు పాపం ఏమీ తెల్దు.”

పాపం తెలియదు. మల్లీశ్వరికీ తెలియదు. రైల్లో పొడి డబ్బా పక్కన పెట్టుకుని పోతున్న రామదాసుకు అసలే తెలియదు. డబ్బా విప్పి, దాంట్లో బిడ్డను చూసుకోవచ్చని సంబరపడే ఆంజనేయులుకూ తెలియదు. ఆమె మిషన్ ఆపి లేచింది.  ఒంట్లో బాగాలేదని చెప్పి, సెలవు అడిగి బయటపడింది.

ముందు విడపనకల్లులో ఉన్న రామదాసు భార్యకు ఫోన్ చేసి ఆయన సెల్ నంబరు తీసుకుంది. చేస్తే స్విచ్ ఆఫ్. రాష్ట్రం దాటితే మాటకింత పడుతుందని రైలెక్కగానే ఆపేస్తాడక్కా, దిగినాకే తెరుస్తాడు అంది ఆమె. ఆంజనేయులు కంటోన్మెంటులో సెల్ వాడనివ్వరు. ఆయన బయటికి వచ్చి ఫోన్ చేసేది ఆదివారమే. అప్పటికి రామదాసు చేరిపోతాడు, డబ్బా చేతికి అందుతుంది.

ఇంటికి వచ్చి అత్తకు అంతా చెప్పింది. తిమ్మక్క చెంపలు నొక్కుకుంది కానీ కోడలిని తిట్టలేదు. పెట్టేటప్పుడు ఆమే పక్కన కూర్చుని రొట్టెలు అందించింది కదా. ఎవరికీ చెప్పొద్దని మాత్రం గట్టిగా చెప్పింది. వాడు తెలివైనోడు, చూసుకుని దాచిపెట్టుకుంటాడు, మనమే ఫోన్ చేసి మన పిల్లోణ్ణి పట్టిస్తామా అంది. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. ఆంజనేయులు ఆ పెన్‌డ్రైవును చూసి పక్కన పారేసి ఉంటే, ఈమె చేసే ఫోనే ఆయన మెడకు ఉరి అవుతుంది. పెట్టేసి ఉంటే, చేయకపోవడం ఇంకా పెద్ద ద్రోహం. ఏ పక్కకు పోయినా గొయ్యే. పిల్లను ఒళ్లో పెట్టుకుని సంజె చీకటి పడేదాకా అలాగే కూర్చుంది. పిల్లేమో ఆమె ముక్కుపుడక పట్టుకుని ఆడుకుంటోంది.

చివరికి ఆమె మనసును తేల్చింది రామదాసు తలపే. ఆయన మొహం గుర్తొచ్చింది. ఏదైనా జరిగితే ఆయనకు జవాబు చెప్పడానికి ఒక్క ముక్క కూడా తెలియదు. ఈ పొడి నా చేతికి ఇచ్చింది ఆంజనేయులు పెండ్లాము, అంతే నాకు తెలుసు అంటాడు. ఎవరు నమ్ముతారు?

మర్నాడు పిల్లను చంకనేసుకుని గుమ్మఘట్టకు వెళ్లింది. అక్కడ పెద్దన్న అనే పెద్దాయన, వరసకు మామ, ఉంటాడు. సైన్యంలో సుబేదారుగా చేసి దిగి వచ్చినవాడు. ఆంజనేయులును పటాలంలో చేరమని వెంటపడి పంపించింది ఆయనే. హిందీ బాగా మాట్లాడతాడు, ఇంట్లో ఫోను ఉంది. వరండాలో కుర్చీ వేసుకుని ముఖానికి సబ్బు పూసుకుని గడ్డం గీసుకుంటున్నాడు. మల్లీశ్వరి నిలబడే అంతా చెప్పింది, ఏదీ దాచలేదు. పొడిలో దిగేసిన సంగతి చెప్పేటప్పుడు మాత్రం తల వంచుకుంది.

పెద్దన్న కత్తి పక్కన పెట్టాడు. సగం గడ్డం సబ్బు నురగతోనే ఉంది.

“నీకు తెలుసునా, వాళ్లు వద్దంటారని?”

“తెలుసు మామా.”

“తెలిసే పెట్టినావు.”

“బిడ్డ నడక చూడాలన్నాడు మామా. అంతకు మించి ఏం లేదు.”

ఆయన కత్తికంటిన నురగ తుడిచి పెట్టాడు. తర్వాత, నేను సర్వీసులో ఉన్నప్పుడు తుపాకీ పోతే యూనిట్ మొత్తం నేలంతా జల్లెడ పట్టి వెతికేదమ్మా, ఇప్పుడు తుపాకీ ఉన్నచోటే ఉంటుంది, ఇంత ముక్క లోపలికి వస్తే తుపాకీ కంటే ఎక్కువ పోతుంది అన్నాడు. ఆ తూట్లు మూసింది మీలాంటోళ్లు చెడ్డోళ్లని కాదు, మంచోళ్ల చేతిమీదుగానే ఇది లోపలికి వస్తుంది కాబట్టి మూసినారు అన్నాడు. అత్త చెప్పిన మాట కూడా ఆమె ఆయనకు చెప్పింది.

“తిమ్మక్క వానికి తల్లి. తల్లి అట్లే అంటాది” అన్నాడు పెద్దన్న. “కానీ సైన్యంలో తప్పు చేసినోని కన్నా దాచినోనికే ఎక్కువ శిక్ష. నువ్వు ఆఫీసరుకు చెప్పు. ఉన్నది ఉన్నట్లు చెప్పు. నేను హిందీలో మారుస్తా, ఒక్క మాట కలపను.”

ఇంట్లో ఎవరికైనా ప్రాణం మీదికి వస్తే తప్ప చేయొద్దని ఆంజనేయులు ఇచ్చిపోయిన నంబరు ఒకటి ఆమె దగ్గర ఉంది. పెద్దన్న మొహం కడుక్కుని, చొక్కా వేసుకుని, ఆఫీసరు ఎదుట నిలబడ్డట్టు నిటారుగా నిలబడి ఫోను చేశాడు. ఎక్స్చేంజి తగిలింది, అక్కడి నుంచి ఇంకో చోటు, ఇంకో చోటు. అడ్జుటెంటు సాబు బయటికి వెళ్లారు, రేపు పొద్దున చేయమన్నారు. యూనిట్ పనులన్నీ చూసే ఆఫీసరు ఆయనే, ఇది ఆయనకే చెప్పాలి, మధ్యలో ఉన్నోళ్లకు కాదు అన్నాడు పెద్దన్న. ఆ రోజు మల్లీశ్వరి పనికి పోలేదు. పిల్ల నవ్వినా ఏడ్చినా ఆమెకు ఒకటే అయింది.

తెల్లారి మళ్లీ గుమ్మఘట్టకు వెళ్లింది. ఈసారి అడ్జుటెంటే ఫోన్ ఎత్తాడు. కెప్టెన్. గొంతు విని చిన్న వయసువాడే అయ్యుంటాడని పెద్దన్న తర్వాత చెప్పాడు. పెద్దన్న తన నంబరు, ర్యాంకు, పాత రెజిమెంటు చెప్పుకుని, నాయక్ ఆంజనేయులు భార్య ఒక విషయం ఒప్పుకోవడానికి వచ్చింది సాబ్ అని మొదలుపెట్టాడు. మల్లీశ్వరి చెబుతూ పోయింది, ఆయన మారుస్తూ పోయాడు.  ఆమె ముగించాక అటునుంచి ఏదో ప్రశ్న వచ్చింది. పెద్దన్న ఫోను మూతి అరచేత్తో మూసి ఆమెవైపు తిరిగాడు.

“దాన్ని దేంట్లో చుట్టినావు, దేంతో కట్టినావు అని అడుగుతాండాడు.”

 దొరికిపోయిందన్నమాట. దొరికింది కాబట్టే అడుగుతున్నాడు. 

“పాల ప్యాకెట్‌లో చుట్టినా. నీలం దారంతో కట్టినా. ప్యాంట్లు కుట్టే దారం.”

పెద్దన్న ఆ మాటలు చెప్పాడు. అటునుంచి ఇంకో ప్రశ్న. రామదాసుకు తెలుసా అని.

“తెల్దు. ఆ మనిషికి ఏమీ తెల్దు. నేనే చెప్పలేదు. చెప్తే ఆయన తీస్కపోడు.”

అప్పుడు అటుపక్క మనిషి చాలాసేపు మాట్లాడాడు. పెద్దన్న ‘హా సాబ్, హా సాబ్’ అంటూ వింటున్నాడు. వినగా వినగా ఆయన నిటారు భుజాలు మెల్లగా కిందికి దిగాయి. చేయి వెనక్కి చాచి కుర్చీ తడుముకుని కూర్చున్నాడు. ఆయన కూర్చోవడం చూసి మల్లీశ్వరి పని అయిపోయిందనుకుంది, పిల్లను గట్టిగా పట్టుకుంది.

“గట్టిగా పిండద్దు బిడ్డను. ఏం కాలేదు” అన్నాడు పెద్దన్న. “నీ మొగుడు దాన్ని పెట్టలేదు.”

ఆమెకు ముందు అర్థం కాలేదు. పెట్టలేదు అంటే ఏమిటని అడిగింది. పెద్దన్న ఆగి ఆగి చెప్పాడు. రామదాసు చేరిన రోజే ఆంజనేయులు డబ్బా విప్పాడు. పొడి వేసుకుంటుంటే స్పూనుకు తగిలింది. బయటికి వెళ్లిన అడ్జుటెంటు తిరిగి రాగానే, దాన్ని పట్టుకెళ్లి ఆయన బల్ల మీద పెట్టాడు. దేనితోనూ కలపకుండా విడిగా ఉంచిన పాత కంప్యూటర్లో వాళ్లు దాన్ని పరీక్షించి చూస్తే, బిడ్డ వీడియోతో పాటు పురుగు కూడా బయటపడింది. అప్పుడు పెద్ద అనుమానం వచ్చింది. ఎవరు పంపారు, ఎవరు మోశారు, కావాలని పంపారా అని. రామదాసును బండి ఎక్కనివ్వకుండా కూర్చోబెట్టి ప్రశ్నలు అడుగుతున్నారు. నాకేమీ తెలియదని ఆయన, నా భార్య అమాయకురాలని ఆంజనేయులు, ఇద్దరూ చెబుతున్నారు కానీ, అందరూ అలాగే చెబుతారు కదా. ఇంతలో ఈ ఫోన్. ఎవరూ అడగకముందే, పాల ప్యాకెట్టూ నీలం దారమూ తేడా లేకుండా, ఎక్కడో అనంతపురం పల్లె నుంచి తానుగా చెప్పిన మనిషి.

“సాబ్ ఏమన్నాడో తెలుసునా?” అన్నాడు పెద్దన్న. “మొగుడూ పెండ్లామూ ఒకరికి ఒకరు తెలీకుండా ఒకే నిజం చెప్పినారు, ఇంక నాకు అనుమానం లేదన్నాడు. రామదాసును ఇప్పుడే పంపించేస్తాండాడు. మీ స్టూడియో కంప్యూటరును కడిగించమని చెప్పమన్నాడు.”

మల్లీశ్వరి గోడకు ఆనుకుని అలాగే జారి కింద కూర్చుంది. ఏడవలేదు. 

ఫోను ఇంకా పెట్టేయలేదు. ఆంజనేయులును పిలిపించారు, మాట్లాడమన్నారు. పెద్దన్న ఫోను ఆమె చేతికి ఇచ్చి వరండాలోకి వెళ్లిపోయాడు.

 ముందు ఆయనే మాట్లాడాడు.

“ఏం మల్లీ. పొడి బాగుండాది.”

“నన్ను తిట్టు” అంది ఆమె.

“ఆఫీసరు పక్కనే ఉండాడు, యాడ తిట్టేది” అన్నాడు. ఆ గొంతులో నవ్వు వినిపించి ఆమె కళ్లు అప్పుడు నీళ్లు పెట్టుకున్నాయి.

తర్వాత ఆయన నెమ్మదిగా చెప్పాడు. దాన్ని చూడగానే ఏముంటుందో అర్థమైంది. ఆఫీసు గదిలో ఎవరూ లేరు, మధ్యాహ్నం అందరూ తిండికి పోయారు. తూట్లన్నీ మూసేసినా ప్రింటరు కోసం ఒకటి తెరిచి ఉంటుంది. ఆ తీగ పీకి దీన్ని పెట్టడానికి ఎంతసేపు? పెన్‌డ్రైవు చేతిలో పట్టుకుని ఆ కంప్యూటరు ఎదురుగా కూర్చున్నాడు. ప్రింటరు తీగ మీద చెయ్యి కూడా వేశాడు.

“ఎందుకు పెట్టలేదు?” అంది మల్లీశ్వరి.

“ఆ లక్క పోసి మూసింది నేనే కదా మల్లీ. నా చేత్తోనే పోసినా. అందరికీ వద్దని చెప్పినా. ఒకసారి నా బిడ్డ కోసం తీస్తే, రేపు ఇంకొకడు వాని బిడ్డ కోసం తీస్తాడు. వానికి నేనేం చెప్పాల?” అన్నాడు. “కానీ నిజం చెప్తాండా. శానా కష్టమాయ.”

ఆ పెన్‌డ్రైవును సుత్తితో కొట్టి పొడి చేసేశారని చెప్పాడు. లోపల బిడ్డ ఉందని తెలిసీ, అలా కొడుతుంటే చూడలేక బయటికి వెళ్లి నిలబడ్డానన్నాడు. వీడియోను పరీక్షించిన హవల్దారు మాత్రం, సాబుకు తెలిసో తెలియకో, నీ పాప మేక చెవి పట్టుకుని నడుస్తుందయ్యా, మీ అమ్మ ఏడుస్తుంది అని చెప్పాడట. తాను చూసిన వీడియో అదేనన్నాడు.

“అది ఇప్పుడు చెవి పట్టుకోకుండానే నడుస్తాంది” అంది మల్లీశ్వరి. పిల్లను ఎత్తి ఫోను దగ్గర పెట్టింది. పిల్ల ఫోను తీగ పట్టుకుని లాగి, ఈసారి ఎందుకో గమ్మున ఉండకుండా, తనకు వచ్చిన ఒకే ఒక్క మాట ‘త్తా, త్తా’ అని గట్టిగా అరిచింది. ఇంకోసారి అనిపించు మల్లీ అన్నాడు ఆంజనేయులు. తర్వాత ఆయన, సెలవులు తెరవగానే మొదట నువ్వే పో అని సాబు చెప్పినాడు అన్నాడు. ఆషాఢం దాటేలోపు వస్తానన్నాడు.

ఫోన్ పెట్టేశాక పెద్దన్న భార్య మజ్జిగ తెచ్చి ఇచ్చింది. ఇంకోసారి ఇలాంటి పని చేస్తే నేనే నిన్ను సైన్యానికి పట్టిస్తానన్నాడు పెద్దన్న, కానీ ఆ మాట అంటూనే పిల్ల చేతిలో బెల్లం ముక్క పెట్టాడు. మల్లీశ్వరి ఆయన కాళ్లకు దండం పెట్టబోతే, ఫో, ఫో అని తరిమేశాడు.

రాయదుర్గం బస్సు జనంతో కిక్కిరిసి ఉంది. కిటికీ పక్కన కూర్చున్న ఒక పెద్దమ్మ, శెనక్కాయ విత్తనాల మూట కాళ్ల కింద పెట్టుకుని, కొంచెం జరిగి చోటిచ్చింది. బిడ్డను ఇటియ్యమ్మా, నీ మొహం చూస్తే నిద్ర లేనట్లుంది అని పిల్లను తన ఒళ్లోకి తీసుకుంది. బిడ్డను అత్తకు అప్పగించి మధ్యాహ్నం నుంచైనా పనికి వెళ్లాలి, ఓనరుకు ఏదో ఒకటి చెప్పాలి, వెళ్లే దారిలో గోవిందప్ప స్టూడియోలో కూడా చెప్పాలి, రామదాసు భార్యకు ఫోన్ చేసి క్షమించమని అడగాలి అని ఒక్కొక్కటీ అనుకుంటూ ఉండగానే, ఎప్పుడు కళ్లు మూతపడ్డాయో మల్లీశ్వరికి తెలియలేదు.

కండక్టరు భుజం తట్టి లేపేటప్పటికి బస్సు ఆమె పల్లె దాటి తర్వాతి స్టేజీలో ఆగి ఉంది. పెద్దమ్మ ఒళ్లో పిల్ల కూడా నోరు తెరుచుకుని నిద్రపోతోంది. లేపబుద్ధి కాలేదమ్మా, అంత నిద్ర పోతున్నావు అంది పెద్దమ్మ నొచ్చుకుంటూ. మల్లీశ్వరి నవ్వి, పిల్లను భుజాన వేసుకుని దిగింది.

వెనక్కి నడవడం మొదలుపెట్టింది. ఎండ ముదురుతోంది. రోడ్డుకు రెండు పక్కలా ఎర్రగా దున్నిన చేలు వాన కోసం తెరిచి పెట్టి ఉన్నాయి. ఎదురుగా గొర్రెల మందను తోలుకొస్తున్న తిప్పన్న ఆమెను చూసి ఆగాడు. వాళ్ల పల్లెవాడే.

“ఏమ్మే మల్లీ, బస్సులో వచ్చి ఊరు దాటిపోయినావే?”

“నిద్ర పట్టేసింది చిన్నాయనా” అంది మల్లీశ్వరి.

పట్టనీలే అన్నాడు తిప్పన్న, మంద మధ్యలోంచి ఆమెకు దారి ఇస్తూ.